దాలమ్మప్ప పిల్లివైద్యం

నాకు పిల్లులంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. వాటి చూపు నచ్చదు, నడక నచ్చదు, మనింట్లో తిని మనల్నే పనివాళ్ళలా చూసే ఆ పొగరు అసలే నచ్చదు. అయినా రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న మా దాలమ్మప్ప గురించి ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అటు ఏం జరిగినా ఇటు నాకు వినబడేది. వినబడకపోతే వెళ్ళి అడిగేదాన్ని.

దాలమ్మ నాకు తోడబుట్టినది కాదు. ఆవిడది టెక్కలి వైపు, నాది బొబ్బిలి వైపు. హిందీ తప్ప ఇంకో మాట చెవిన పడని ఊళ్ళో నేను రైలు దిగిన రోజున, నా చేతిలో ట్రంకు పెట్టె అందుకుని "రా సెల్లీ, ముందు గంజి తాగు" అన్న మనిషి అప్ప కాక ఇంకేమవుతుంది? ఆవిడ అప్ప అయింది గనక ఆవిడ మొగుడు దానయ్య నాకు బావ అయ్యాడు. బావను ఆటపట్టించే హక్కు నాకలా దక్కింది. దాన్ని ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు.

దానయ్య బావ స్టేషన్లో లాంపుమేను. కంపెనీ పోయి సర్కారు రైల్వే వచ్చేసినా మా నోళ్ళలో ఇంకా బి.ఎన్.ఆర్. అనే పేరే ఆడుతున్న రోజులవి. సిగ్నల్ స్తంభం మీద ఎర్రదీపమో పచ్చదీపమో వెలగాలంటే రోజూ ఎవరో ఒకరు నిచ్చెనెక్కి దీపం దించాలి. గాజు తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు పోసి మళ్ళీ ఎక్కించాలి. ఆ ఎవరో మా బావే. ఊళ్ళోవాళ్ళు బత్తీవాలా అనేవారు. పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ఆయన వీధి మలుపు తిరగకుండానే మాకు తెలిసిపోయేది. ముందు వాసన వచ్చేది, తరవాత మనిషి వచ్చేవాడు. ఎన్నో ఏళ్ళుగా అదే పని కావడంతో ఆ వాసన వాళ్ళింటి గోడలకీ, దుప్పట్లకీ, చివరికి చింతకాయ పచ్చడి జాడీకీ పట్టేసింది. నేను ముక్కు మూసుకుంటే అప్ప తెల్లబోయి చూసేది. ఆవిడకి ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది.

ఇక పిల్లుల సంగతి. అప్ప మొదటి పిల్లిని ఎలకల కోసమే తెచ్చుకుంది. గూడ్సు షెడ్డు మాకు దగ్గర. అక్కడ ధాన్యం తిని బలిసిన ఎలకలు పొద్దుపోయాక షికారుకి మా క్వార్టర్ల లైనుకే వచ్చేవి. పిల్లి వచ్చాక ఎలకలు తగ్గాయి గానీ, అప్పకి పిల్లి పిచ్చి పట్టుకుంది. ఏటా ఒక కూన ఆవిడ గుమ్మంలో పెరిగేది, ఏదో ఒక ఇంటికి వెళ్ళేది. వెళ్ళిన పిల్లుల్ని అత్తారింటికి పంపిన ఆడపిల్లల్లా వెళ్ళి చూసొచ్చేది.

సాయంత్రం వంటకి ముందు గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లిని ఒళ్ళో వేసుకుని పాత దువ్వెనతో దువ్వేది. చూసేవాళ్ళకి అది గారాబం. కాదు, అది తనిఖీ. దువ్వుతూనే చెవులు మడిచి లోపల చూసేది, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసేది, తోక కింద చూసేది, పొట్ట తడిమేది. ఇదంతా ఎందుకని ఒకసారి విసుక్కుంటే నాకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"మనిసికి నొప్పొస్తే అరుస్తాడు. పిల్లికి నొప్పొస్తే దాక్కుంటాది. బాగున్నప్పుడు ఎలగుందో తెలిస్తేనే కదే, బాగోనప్పుడు తెలుస్తాది."

ఆవిడ మాట ఊరికే పోయేది కాదు. పార్సిల్ ఆఫీసు పిల్లి తల విదిలిస్తూ చెవి గోక్కుంటుంటే అందరూ ఈగలనుకున్నారు. అప్ప చెవి మడిచి చూపించింది. లోపల కాఫీ పొడి పోసినట్టు నల్లటి మురికి, అందులో కంటికి ఆనని పురుగులు. మెత్తటి గుడ్డకి గోరువెచ్చని నూనె రాసి రోజూ తుడిచి తుడిచి బాగుచేసింది. ఇంకో ఇంటి కూనకి తోక కింద మెతుకుల్లాంటివి అంటుకుని ఉంటే అన్నం కాదది, బద్దెపురుగు ముక్కలు అని చెప్పి, పశువుల డాక్టరు దగ్గర మందు తెప్పించింది. వేపరసం పడతామని ఆ ఇంటివాళ్ళు బయల్దేరితే, ఇంత కూనకి అంత చేదు దించితే పురుగు కంటే ముందు కూన పోతుందని కసిరింది.

పాలు పోయనిచ్చేది కాదు. పిల్లికి పాలు వద్దనే మనిషిని నేను ఈవిడనే చూశాను. "ఎదిగిన పిల్లికి కడుపు జారిపోతాది, నీలు పెట్టు చాలు" అనేది. చేపలమ్మే కేవటిన్ బుట్ట దించగానే తలకాయలు అడిగి తీసుకుని, ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టేది. మాకు ఉల్లిపాయ లేనిదే పూట గడవదు, పిల్లికి మాత్రం అది విషమట.

అన్నిటికంటే పేరు తెచ్చిపెట్టింది గార్డుగారి మగపిల్లి. అది బూడిదగుంటలో మాటిమాటికీ కూర్చుని లేస్తోంది, మూలుగుతోంది, ఏమీ రావడం లేదు. మలబద్ధకమని ఇంట్లోవాళ్ళు ఆముదం గిన్నె పట్టుకున్నారు. అప్ప పొట్ట మీద చెయ్యి వేసి, బంతిలా బిగిసిందని చూసి, ఆముదం గిన్నె లాక్కుంది. ఒంటేలు కట్టేసింది, మగపిల్లికి ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, ఒక్క పూట కూడా ఆగడానికి లేదని అప్పటికప్పుడే రిక్షా ఎక్కించింది. పశువుల ఆసుపత్రి డాక్టరు సన్న గొట్టం వేసి దాన్ని బతికించాడు. ఆ తరవాత అప్ప ఎప్పుడు వెళ్ళినా ఆయన ఎద్దుల్ని ఆపి ముందు ఈవిడనే పిలిచేవాడు.

అంత మనిషికి సొంత పిల్లి జబ్బు అంతుపట్టకపోవడమే నేను చెప్పబోయే కథ.

ఆ పిల్లి పేరు చుక్క. ఒళ్ళంతా నలుపు, నుదుట మాత్రం తెల్లటి బొట్టు. చుక్కని అప్ప ఎవరికీ ఇవ్వలేదు. తల్లి వదిలేసి పోతే గుడ్డ ఒత్తితో చుక్కచుక్కగా పట్టి బతికించుకుంది. అప్పటికి అప్ప జారి పడి, కాలు విరిగి నెలల తరబడి మంచం మీద ఉంది. చుక్క ఆ మంచం మీదే కళ్ళు తెరిచింది. మనిషి లేచి నడిచేనాటికి పిల్లి కూడా నడక నేర్చింది. ఇద్దరూ కలిసి లేచారని బావ అంటుండేవాడు. బావ నోట చుక్క గురించి వచ్చిన మంచి మాట అదొక్కటే.

బావకీ చుక్కకీ పొసగదని లైనంతటికీ తెలుసు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆయన ముఖం కూడా చూడకుండా పెరట్లోకి నడిచేది. "పో, పో, నీ మొకం ఎవుడు సూడమన్నాడు" అనేవాడాయన. నాకు అంతకంటే ఏం కావాలి? బావా, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఇద్దరూ నీ మాట వినరు అని గోడ మీంచి అందించేదాన్ని. నవ్వేవాడు. నవ్వి, చుక్క వెళ్ళిన వైపు ఒకసారి చూసి, తరవాత బూట్లు విప్పుకునేవాడు.

ఆ ఏడు రాయ్‌పూర్‌లో చలి విరగబడి వచ్చింది. పొద్దున్నే నీళ్ళబానలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. సంక్రాంతి వెళ్ళాక చుక్కకి నలత మొదలైంది. ముందు తిండి దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్ళిపోయేది. తరవాత నోటి వెంట చొంగ. ఆ తరవాత దగ్గు, పసుపు నీళ్ళ వాంతి. నిగనిగలాడే బొచ్చు మురికిపట్టి, అట్టలు కట్టి నిక్కబొడుచుకుంది. ఎప్పుడు చూసినా పొట్ట నాకుతూ ఉండేది. అప్ప దువ్వబోతే మంచం కిందికి దూరేది.

దాక్కుందంటే అప్పకి గుండె జారిపోయింది. గొంతులో ముల్లు ఇరుక్కుందేమోనని నోరు తెరిచి చూసింది. ముల్లు లేదు, నాలుక మాత్రం ఎర్రగా పూసింది. నాకిన బొచ్చు కడుపులో ఉండకట్టిందేమోనని వేలికి ఇంత నెయ్యి రాసి నాకించింది, పెరట్లో గరిక పీకి ముందు పెట్టింది. జలుబేమోనని చేప నీళ్ళు వేడిచేసి ముక్కు దగ్గర పెట్టింది. ముక్కు మూసుకుపోతే పిల్లి తినదట, వాసన తగిలితే తింటుందట. చుక్క ముఖం తిప్పుకుంది.

ఎదురింటి అప్పలనరసమ్మ పెద్దది. ఇది దిష్టి తప్ప ఇంకోటి కాదని తేల్చి, వద్దంటున్నా ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి లైను లైనంతా దగ్గింది. డ్యూటీ దిగి నిద్రపోతున్న మా ఆయన సూరిబాబు లేచి వీధిలోకి పరిగెత్తాడు. చుక్కకి మాత్రం దగ్గు ఇంకాస్త పెరిగింది. అప్ప ఆ పెద్దావిడని ఏమీ అనలేక, నిప్పుల మీద నీళ్ళు పోసి ఊరుకుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. ఆయన బాగా చూశాడు. చిగుళ్ళు పచ్చబడలేదు, కామెర్లు కాదు. ఒళ్ళు కాలడం లేదు. పొట్ట మీద బొచ్చు విడదీస్తే చర్మం కందిపోయి ఉంది. ఏదో పడనిది కడుపులోకి వెళ్తోంది, కానీ తిండే తినని పిల్లికి తిండితో వెళ్ళదు కదా, దేన్ని నాకుతోందో కనిపెట్టమన్నాడు. అప్ప ఇంటికొచ్చి ఫినాయిలు సీసా దూలం మీద పెట్టింది, సున్నం డబ్బా మా ఇంటికి చేర్చింది, ఎలకల మందు లేకపోయినా మూలమూలలా వెతికింది. ఏమీ దొరకలేదు.

ఈ వెతుకులాటలో ఒక పొద్దున చుక్క గోడ దూకి మా ఇంటికి వచ్చింది. మా పొయ్యి వెనక వెచ్చగా ఉంటుంది. అక్కడ మసిగుడ్డలకని నా పాత చీర మడిచి పెట్టాను. తిన్నగా వెళ్ళి దాని మీద ముడుచుకుంది. నేను చీపురు తీశాను. నా ఎండు నెత్తళ్ళు కాజేసినది ఈ చుక్కే, మరిచిపోలేదు. అయితే దాని డొక్కలు చూశాక చీపురు కింద పెట్టేశాను. చిక్కి సగమైంది పాపం.

అది మా ఇంట్లో నీళ్ళు తాగింది. మర్నాడు చొంగ తగ్గింది. ఆ మర్నాడు నేను మాకోసం వండుకున్న చేపల్లో ఒక ముక్క తీసి కడిగి పెడితే తినేసింది. గోడ మీంచి అప్పని పిలిచి చూపించాను. ఆవిడ సంబరానికి అంతులేదు. ఎత్తుకుని ముద్దులాడి ఇంటికి తీసుకుపోయింది. మళ్ళీ చొంగ, మళ్ళీ దగ్గు. చుక్క మళ్ళీ గోడ దూకింది. మా ఇంట్లో తేరుకుంటుంది, అక్కడికి వెళ్తే పడిపోతుంది. మా ఆయన రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మేను కదా, పిల్లి లైను మార్చుకుందే అన్నాడు. ఆ వేళాకోళం గోడ అవతల వినబడింది.

ఆ రోజు మధ్యాహ్నం అప్ప మా పొయ్యి దగ్గరికి వచ్చి పీట మీద కూలబడింది. చుక్క నా చీర మీద నిద్రపోతోంది. అప్ప దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ ముఖం అలా ఎప్పుడూ చూడలేదు నేను. కాలు విరిగినప్పుడు కూడా నవ్విన మనిషి.

"నా సేతిలో ఏదో సెడిపోనాది పార్వతీ. ఊరోల్ల పిల్లులన్నీ బతికినాయి, నాదే నా దగ్గర బతకడం నేదు. నీ కాడ బతుకుతాదంటే నీ కాడే ఉండనీ. నాను గోడ మీంచి సూసుకుంటాను."

అని, కొంగుతో ముఖం కప్పుకుంది. నాకు ఏడుపు వస్తే కోపంగా బయటికి వస్తుంది, అదీ నా ఖర్మ. గయ్యిమని లేచాను. నాకీ పిల్లి వద్దు, నాకెందుకు అంటగడతావు, ఇది వచ్చినప్పటి నుంచీ నా వంటిల్లు మీ లాంపురూము అయిపోయింది, చీరకి మట్టీకా తేల్ కంపు కొడుతోంది, రెండుసార్లు ఉతికినా పోలేదు అని నోటికొచ్చినట్టు దులిపేశాను.

అప్ప కొంగు తీసింది.

"ఏ కంపు?"

కిరసనాయిలు కంపు, మీ ఇంటి కంపే, కొత్తగా అడుగుతావేమిటి అన్నాను. కానీ అంటూనే నాకూ ఏదో తట్టింది. వాళ్ళింట్లో వస్తువులకి ఆ వాసన అంటుకోవడం మామూలే. అయినా చుక్క ఇదివరకు నా పక్కన తిరిగినప్పుడు ఇంత ఘాటు ఉండేది కాదు. బావ నుంచి అంటుకుందనుకుందామంటే, చుక్క ఆయన దగ్గరికి వెళ్ళేదే కాదు కదా.

అప్ప చుక్కని ఎత్తి పొట్టకి ముక్కు ఆనించింది. మళ్ళీ ఆనించింది. తల అడ్డంగా ఊపింది.

"నాకు రాదే. నా ముక్కు ఎప్పుడో సచ్చిపోనాది. నువ్వు రా. ఇల్లంతా వాసన సూసి సెప్పు."

అలా ఆ వేళ నేను మా అప్ప ఇల్లంతా వాసన చూశాను. నవ్వితే నవ్వండి. చాప వాసన చూశాను, దుప్పట్లు చూశాను, బియ్యం డబ్బా చూశాను, మేకుకి తగిలించిన బావ కోటు చూసి రెండు అడుగులు వెనక్కి వేశాను. అప్ప వెనకే వస్తూ, ఇక్కడెలా ఉంది, అక్కడెలా ఉంది అని అడుగుతోంది. ఎక్కడ చూసినా ఆ ఇంటి మామూలు వాసనే. చివరికి మంచం కింద చుక్క పడుకునే వెదురు గంపని బయటికి లాగాను. అది ముఖం దగ్గరికి రాకుండానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గంపలో అప్ప వేసింది గోనెముక్క, దాని మీద తన పాత జాకెట్టు. అవి అలాగే ఉన్నాయి. వాటిని తీస్తే కింద మెత్తగా, దళసరిగా, తెల్లటి నూలు పీచు పరిచి ఉంది. లాంపురూములో దీపాలు తుడిచే పీచు అది. మురికైతే పారెయ్యరు, కిరసనాయిల్లో జాడించి ఎండలో ఆరేసి మళ్ళీ వాడతారు. కళ్ళకి పత్తిలా కనిపిస్తుంది, చేతికి మెత్తగా ఉంటుంది. ఆ నూనె పైగుడ్డలకి ఊరుతుంది, చలికి వాటిలో ముడుచుకున్న పిల్లి ఒంటికి అంటుతుంది. పిల్లి ఒంటికి ఏది అంటినా నాకి శుభ్రం చేసుకుంటుంది. అంతే సంగతి.

ఆ పీచు అప్ప వెయ్యలేదు. నేను వెయ్యలేదు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? అప్ప పీచు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు.

"సలేస్తందని ఏసినాడే. మనం సూడకుండా ఏసినాడు."

ఆ తరవాత ఇద్దరం మాటలు కట్టిపెట్టి పనిలో పడ్డాం. ముందు పొడి శనగపిండి తెచ్చి చుక్క ఒంటికి పట్టించి, నూనె పీల్చుకున్న పిండిని దులిపేశాం. తరవాత గోరువెచ్చని నీళ్ళూ ఒంటి సబ్బూ పెట్టి, కళ్ళలో నోట్లో పడకుండా మెల్లిగా తోమాం. అది నా చెయ్యి గీరింది, ఆ గీత ఇప్పటికీ ఉంది, అడిగితే చూపిస్తాను. తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, నాక్కోకుండా మెడ దాకా గుడ్డ చుట్టాం. అప్పలనరసమ్మ వచ్చి, ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తే విషం పోతుంది కదా అంది. అప్ప ఒప్పుకోలేదు. ఇలాంటి నూనె కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందేమో, డాక్టరుని అడక్కుండా ఏదీ పట్టనంది. తరవాత డాక్టరు కూడా అదే మాట అన్నాడు.

చుక్కని బుట్టలో పెట్టుకుని బయల్దేరుతుండగా బావ డ్యూటీ దిగి వచ్చాడు. వీధి గుమ్మంలోంచి కాదు, పెరటి తలుపులోంచి. కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది. మమ్మల్ని చూసి తడబడ్డాడు. "ఆ దిక్కుమాలింది ఏదీ" అని గట్టిగా అడుగుతూనే, పెరట్లో మేం పారేసిన పీచు కుప్ప చూశాడు. కోటు లోంచి కొత్త పీచు ఉండ జారి కింద పడింది.

నాకు నాలుక మీద బోలెడు మాటలున్నాయి. ఇన్నాళ్ళూ ఆటపట్టించిన దానికి వంద రెట్లు అనొచ్చు. కానీ ఆయన ముఖం చూస్తే ఒక్కటీ రాలేదు. అప్పే జరిగిందంతా మెల్లగా చెప్పింది. డాక్టరు అన్నది, నేను వాసన పట్టింది, ఆ పీచులో ఉన్నది.

బావ వాకిట్లో చతికిలబడ్డాడు.

"సలికి వణుకుతంటే సూడలేకపోనాను. మెత్తటి పీసు ఏరి ఏరి తెచ్చినాను. జబ్బు ఎక్కువైతంటే ఇంకా సలేస్తందనుకుని ఇంకో పొర ఏసినాను. నానే సంపినానేటే దాన్ని?"

"నువ్వు సంపలేదు. నువ్వు కప్పినావు" అంది అప్ప. "లెగు. అది ఇంకా బతికే ఉంది."

ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. అప్ప బుట్ట పట్టుకుని ముందు, పక్కన నేను. బావ రోడ్డుకి అవతలి పక్కన, మాకు దూరంగా నడిచాడు. ఇవతలికి రమ్మంటే రానన్నాడు. గాలి మా వైపు వీస్తోంది, నా వాసన దానికి తగలకూడదు అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్నాను గానీ, ఆ మాటకి నాకు నడిరోడ్డు మీద కళ్ళనీళ్ళు ఆగలేదు.

డాక్టరు చూసి, ఊపిరి బాగానే ఉంది, ఇక నాకడానికి ఏమీ ఉండకూడదు, నీళ్ళు తాగించండి, మెల్లగా తిండి పెట్టండి అన్నాడు. నాలుక పూతకి మందు ఇచ్చాడు. పశువుల్ని చూస్తే పశువులు పడుకునే చోటు కూడా చూడాలని తనకి తానే చెప్పుకున్నట్టు అని, బావ భుజం తట్టాడు. మంచి మనిషి.

తేరుకునేదాకా చుక్క మా ఇంట్లోనే ఉంది. నా పాత చీర మీద, నా పొయ్యి వెనక. దాని నీళ్ళ గిన్నె నేనే మార్చాను, తిన్నదీ కక్కిందీ గోడ మీంచి అప్పకి నేనే చెప్పాను. నాకు పిల్లులంటే పడదు గానీ, పని పని.

గోడ అవతల పెద్ద మార్పు వచ్చింది. బావ కోటుకి గుమ్మం బయట మేకు కొట్టుకున్నాడు. డ్యూటీ నుంచి రాగానే కుళాయి దగ్గర కూర్చుని, చలిలో, శనగపిండి పెట్టి మోచేతుల దాకా తోముకునేవాడు. కొత్త పెళ్ళికొడుకు నలుగు పెట్టుకుంటున్నాడని లైనులో ఆడవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వను? అప్ప ఇంట్లోని దుప్పట్లన్నీ ఉడకబెట్టి ఉతికింది. గంప కడిగి ఎండలో పెట్టి, కొత్త గోనెముక్క వేసింది. వెయ్యబోయే ముందు నా ముక్కు దగ్గర పెట్టి, నేను సరే అన్నాకే వేసింది.

చుక్క బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది. చలి విరిగిన ఒక ఆదివారం నాడు గోడ దూకి ఇంటికి వెళ్ళింది. ఏం జరుగుతుందో చూద్దామని నేను పీట వేసుకుని గోడ మీంచి తొంగి చూశాను. అప్ప గడపలో కూర్చుని ఉంది. బావకి ఆ రోజు డ్యూటీ లేదు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, వాకిట్లో ఎండకి కూర్చుని టీ తాగుతున్నాడు. చుక్కని చూసి కదలకుండా ఉండిపోయాడు. ఇప్పుడు ముఖం తిప్పుకుని పెరట్లోకి పోతుందని ముగ్గురికీ తెలుసు. ఇన్నేళ్ళుగా అదే కదా.

చుక్క ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. మోకాలు వాసన చూసింది. చెయ్యి వాసన చూసింది, తీరుబడిగా, ఒక్కో వేలూ. అప్పుడు ఒళ్ళోకి ఎక్కి, రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

బావ చేతిలో టీ అలాగే ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ నానంటే గిట్టదనుకున్నానే."

అప్ప గడపలోంచి లేచింది. వెళ్ళి ఆయన చేతిలో గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. టీ చల్లారిపోతుంది బావా, తాగు అని నేను గోడ మీంచి అరిచాను. ఆయన నా వైపు తిరక్కుండా, పెదవులు మాత్రం కదిపి, నోరు ముయ్యమన్నాడు. చుక్క లేచిపోతుందట. ఆ రోజు నేను మొట్టమొదటిసారి నోరు మూసుకున్నాను.